సగం నీడ పెరట్లో కనకాంబరం: లేతాకు పసుపు, కొన్ని మొక్కలు వడలిపోవడం, కంకులు తగ్గడం

పెరటిగట్టు (ప్రశ్న)

ఖమ్మంలో ఇంటికి తూర్పున, గోడకీ ప్రహరీకీ మధ్య 5 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా ఉంది. ఉదయం ఏడున్నర నుంచి పదిన్నర దాకా ఎండ వస్తుంది. ఆ తర్వాత ఇంటి నీడే. దక్షిణపు కొసన పెద్ద మామిడిచెట్టు, దాని కిందికి ఆ మూడు గంటల ఎండా చుక్కలు చుక్కలుగానే దిగుతుంది.

అక్కడ కనకాంబరం పెట్టి రెండో ఏడు. 16 గింజ నారు మొక్కలు, 8 ఢిల్లీ రకం (కొమ్మలతో పెంచేది). నేల నల్లమట్టి, ఇల్లు కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్ళలు అందులో కలిసిపోయాయి. నీళ్ళు బోరువి. బిందె అడుగున తెల్లగా గార కడుతుంది.

ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి. కొస ఆకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. ముదురాకులు బాగానే ఉన్నాయి. మామిడి వైపు మూడు మొక్కలు మధ్యాహ్నం వడలి సాయంత్రానికి తేరుకునేవి, ఇప్పుడు అసలు తేరుకోవడం లేదు. మట్టి తడిగానే ఉంది. మిగతావి రెండడుగులు దాటి సాగాయి, కింద కర్రలా బోసిపోయాయి, కొసన ఒకటో రెండో కంకులు. మొదటి ఏడు ఒక్కో మొక్కకి ఏడెనిమిది కంకులు ఉండేవి.

నీడ ఎక్కువైందా? కత్తిరించాలా, పీకేసి కొత్తవి పెట్టాలా? మృగశిర వచ్చేసింది కాబట్టి ఏం చేయాలన్నా ఈ నెలలోనే చేద్దామని. ఎరువుగా వర్మీ కంపోస్టు, నెలకోసారి నానబెట్టిన వేరుశనగ చెక్క నీళ్ళు ఇస్తున్నాను.

నారుమడి

మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు గొడవలు. ఒకే మందుతో పోవు. నీడని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, కనకాంబరానికి మూడు గంటల పొద్దుటి ఎండ చాలు. ముందు వేరు చూడాలి.

వడలిన మూడింట్లో అన్నిటికన్నా పాడైనదాన్ని పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా లేపండి. చేత్తో లాగితే సన్నవేళ్ళు మట్టిలోనే తెగిపోతాయి, చూడాల్సింది ఆ సన్నవేళ్ళనే. బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి మట్టి వదిలాక తెల్ల గుడ్డమీద పరచండి.

ఆవగింజంత నుంచి మినపగింజంత దాకా బుడిపెలు వేరులోనే ఉబ్బి కనిపిస్తే అవి వేరుబుడిపె నులిపురుగులు (నెమటోడ్లు, మట్టిలో ఉండే కంటికి ఆనని సన్న పురుగులు) చేసినవి. గోటితో గీకినా ఊడి రావు, వేరే అక్కడ లావెక్కి ఉంటుంది. బుడిపెల్లేకుండా వేళ్ళు పొట్టిగా, గోధుమ నుంచి నల్లటి మచ్చలతో కుళ్ళినట్టుంటే అది వేరుకుళ్ళు నులిపురుగు. దానికి ఇంకో గుర్తు, ఆకులకి గులాబీ, ఊదా కలిసిన రంగు వచ్చి మొక్క గిడసబారుతుంది. కనకాంబరంలో ఇది కొత్తేం కాదు. ఎరువు తక్కువై అలా అయిందనుకుని జనం యూరియా వేస్తుంటారు.

వేళ్ళు శుభ్రంగా ఉంటే మొదలు చూడండి. నేల మట్టానికి అంగుళం పైనా కిందా బెరడు చాకుతో గీసి చూడండి. లోపల తెల్లగా కాక గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే వడలు తెగులు. మొదలు చుట్టూ తెల్లని బూజు, అందులో ఆవాల్లాంటి గోధుమ గింజలు కనిపిస్తే మొదలుకుళ్ళు. చాలాసార్లు నులిపురుగు చేసిన గాయంలోంచే ఫ్యుజేరియం లోపలికి పోతుంది, అందుకని రెండూ ఒకే మొక్కలో దొరికినా ఆశ్చర్యపోకండి.

మట్టి తడిగా ఉండి మొక్క వడలుతుంటే నీళ్ళు ఆపాలి. వడలిందని ఇంకో చెంబు పోయడమే ఎక్కువ మొక్కల్ని చంపుతుంది. నల్లమట్టిలో మరీను, పైన బీటలు వేసినా నాలుగంగుళాల కింద బంక తడి ఉంటుంది.

తెగులు సంగతి తేలే దాకా ఆ మూడు మొక్కల దగ్గర వాడిన పార, కత్తెర మిగతా వాటికి వాడొద్దు. మడి ఒకటే పొడుగ్గా ఉంటే ఆ కొసనుంచి నీళ్ళు ఈ కొసకి పారకుండా మధ్యలో చిన్న గట్టు వేయండి. నులిపురుగులు వాటంతటవి ఏడాదికి కొద్ది అడుగులే పోగలవు, పారే నీళ్ళతోనూ పనిముట్లతోనూ మాత్రం ఎంత దూరమైనా పోతాయి.

వేళ్ళు చూసి ఇక్కడ రాయండి. అప్పుడు మందు మాట్లాడుకుందాం.

బోరునీళ్ళు

నేను పసుపాకు గురించే చెబుతాను, వేళ్ళ సంగతి నారుమడి గారు చెప్పేశారు.

లేతాకు పసుపు, ఈనెలు పచ్చ అంటే ఇనుము అందడం లేదని. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పసుపవుతుంది, ఈనెలతో సహా ఆకంతా పాలిపోతుంది. మీది అది కాదు. నేలలో ఇనుము లేక కాదు ఇదంతా, మన నేలల్లో దానికి కొదవ లేదు. సున్నం పెళ్ళలున్న మట్టి, పైన గార కట్టే బోరు నీళ్ళు, రెండూ కలిసి పీహెచ్‌ని (నేల పులుపునీ క్షారాన్నీ చెప్పే అంకె, 7 మధ్యస్థం) 8 దాటిస్తాయి. ఆ పీహెచ్‌లో ఇనుము కరగని రూపంలోకి పోతుంది, వేరు తాగలేదు. కనకాంబరం కాస్త పులుపు నేల మొక్క, 6 నుంచి 7 మధ్య హాయిగా ఉంటుంది. అదే నేలలో మందారం బాగానే ఉంది కదా అని పోల్చుకోవద్దు.

ఇప్పటికిప్పుడు ఆకు పచ్చబడాలంటే లీటరు నీళ్ళకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. ముందు నిమ్మఉప్పు కరిగించి తర్వాత అన్నభేది వేయండి. వరస మారిస్తే బోరు నీళ్ళలో అన్నభేది వెంటనే తుప్పురంగుకి తిరుగుతుంది, అప్పుడు దాన్ని పారబోయడమే. వాన నీళ్ళో ఆర్ఓ యంత్రం నీళ్ళో దొరికితే అవే వాడండి. కలిపిన గంటలోపే, సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఆకు కింది వైపు కూడా తడిసేలా పిచికారీ చేయాలి. వారం నుంచి పది రోజుల తేడాతో మూడుసార్లు. కంకుల మీద పడనీయకండి, పూలకి తుప్పు మరకలు పడతాయి. ఎండలో కొడితే ఆకు అంచులు మాడతాయి.

ఇప్పటికే తెల్లగా పాలిపోయిన ఆకు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కొత్తగా వచ్చే జత ఎలా ఉందో చూసి మందు పనిచేసిందో లేదో చెప్పండి.

అన్నభేదిని పాదులో వేయమని చాలామంది సలహా ఇస్తారు. సున్నం నేలలో అది డబ్బు దండగ. వేసిన ఇనుము కూడా నేలలో ఉన్నదానిలాగే గడ్డకడుతుంది. పాదులోనే ఇవ్వాలంటే చిలేటెడ్ ఇనుము (నేలలో గడ్డకట్టకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) కొనండి, అందులోనూ రకం చూసి కొనాలి. ఈడీటీఏ అని రాసినది పీహెచ్ 6.5 దాటితే చాలావరకు విడిపోతుంది, మీ నేలకి పనికిరాదు. ఈడీడీహెచ్ఏ అని రాసినది కావాలి, నీళ్ళలో వేస్తే ముదురు ఎరుపు రంగు వస్తుంది. మొక్కకి 2 గ్రాములు లీటరు నీళ్ళలో కలిపి, తడి నేలమీద మొదలుకి జానెడు దూరంలో పోయండి. ధర ఎక్కువే, కానీ ఒకసారి పోస్తే చాలాకాలం ఉంటుంది.

అసలు వైద్యం నీళ్ళకి చేయాలి. వానాకాలంలో డాబా మీది నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఈ మడికే కేటాయించండి. వానల్లేనప్పుడు 20 లీటర్ల బకెట్‌కి అర చెంచా నిమ్మఉప్పుతో మొదలుపెట్టి, కలిపి, పీహెచ్ కాగితం ముంచి చూడండి. 6.5 దగ్గరికి వచ్చేదాకా పావు చెంచా చొప్పున పెంచండి. ఒక బోరుకి సరిపోయిన కొలత ఇంకో బోరుకి సరిపోదు కాబట్టి అంకె చెప్పడం లేదు, కాగితమే చెప్పాలి. ఒకసారి తేలాక రోజూ కొలవక్కర్లేదు.

గంధకం పొడి వేస్తే పీహెచ్ దిగుతుందని ఎవరైనా చెబుతారు. చదరపు మీటరుకి 50 గ్రాముల చొప్పున మామూలు నేలలో పనిచేస్తుంది, నెలలు పడుతుంది. మీ మడిలో సున్నం పెళ్ళలున్నంత కాలం ఆ పులుపంతా వాటిని కరిగించడానికే ఖర్చవుతుంది. ముందు పెళ్ళలు ఏరేయండి. జిప్సం అయితే అసలు వద్దు, అది చౌడు నేలకి మందు, సున్నం నేల పీహెచ్‌ని దించదు.

కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ భూసార పరీక్ష కేంద్రంలోగానీ మట్టి ఇచ్చి పీహెచ్, లవణ శాతం రాయించుకోండి. ఆరంగుళాల లోతు దాకా, మడిలో ఐదారు చోట్ల తీసి కలిపిన అరకిలో చాలు. ఎరువు వేసిన వెంటనే తీసిన మట్టి ఇవ్వకండి.

కొమ్మకత్తెర

కంకులు ఎందుకు తగ్గాయో నేను చెబుతాను. నీడ కన్నా కత్తెర పెట్టకపోవడమే ఎక్కువ కారణం.

కనకాంబరం కంకి కింది నుంచి పైకి పూస్తుంది. చివరి వరస పూయడం అయ్యాక కంకి పచ్చగానే ఉండి కాయలు కట్టుకుంటుంది, మొక్క బలమంతా అటే పోతుంది. పూలు అయిపోయిన కంకిని దాని కింద ఉన్న మొదటి ఆకుల జత పైన కత్తిరించాలి. ఆ జత ఆకుల సందుల్లోంచి రెండు చిగుళ్ళు వస్తాయి, రెంటికీ కంకులు వస్తాయి. ఈ పని వారానికోసారి చేస్తే మొక్క గుబురుగా ఉంటుంది, చేయకపోతే మీ మొక్కల్లా కర్రతేలుతుంది. ఢిల్లీ రకానికి గింజ కట్టదు, అయినా ఎండిన కంకులు తీయాల్సిందే.

ఇప్పుడు ఉన్నవాటికి గట్టి కత్తిరింపు కావాలి. రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక, నేల నుంచి 6 నుంచి 8 అంగుళాలు ఉంచి మిగతాది తీసేయండి. ప్రతి కొమ్మకీ కనీసం రెండు కణుపులు మిగలాలి. కత్తెరని ఒక్కో మొక్కకీ మధ్య స్పిరిట్‌తో తుడవండి. మరీ ముదిరి బెరడు బూడిదరంగుకి తిరిగిన కొమ్మ ఒక్కోసారి చిగురించదు, అందుకని అన్నీ ఒకేసారి కొట్టకుండా మొక్కలో సగం కొమ్మలు ఇప్పుడు, చిగుళ్ళు కనిపించాక మిగతా సగం. పసుపాకు ఉన్న మొక్కని ముందు ఇనుము కొట్టి ఒక జత పచ్చటి ఆకులు తెప్పించాకే కత్తిరించండి. వేరు జబ్బు మొక్క జోలికి అసలు పోవద్దు, చిగురించే శక్తి దానికి లేదు.

ఏప్రిల్, మే నెలల్లో గట్టి కత్తిరింపు చేయకూడదు. ఆకు నీడ పోయి కాండం మీద ఎండ పడితే బెరడు పగులుతుంది. రెంటచింతల, కొత్తగూడెం వైపు ఎండలకి ఇది మరీ నిజం.

కత్తిరించిన తర్వాత మొక్కకి రెండు గుప్పిళ్ళ వర్మీ కంపోస్టు, 50 గ్రాముల వేపపిండి, మొదలుకి జానెడు దూరంలో గీసి మట్టి కప్పండి. చిగురు రెండంగుళాలయ్యాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకి 3 గ్రాములు కలిపి పిచికారీగా పదిహేను రోజులకోసారి, రెండు మూడుసార్లు. మీ వేరుశనగ చెక్క నీళ్ళు మంచివే, కానీ నత్రజనే ఎక్కువ. వాటినే నమ్ముకుంటే ఆకు బలిసి కంకి వెనకబడుతుంది. పులియని చెక్క చీమల్నీ తెస్తుంది. మూడు నాలుగు రోజులు పులియబెట్టి, పైతేటని పది రెట్ల నీళ్ళలో కలిపి పోయండి.

నీడ సంగతి. మూడు గంటల పొద్దుటి ఎండ, తర్వాత ఆకాశం కనిపించే వెలుతురు నీడ అయితే మంచి జాగా కిందే లెక్క. కణుపుకీ కణుపుకీ మధ్య మూడంగుళాలు దాటి సాగి, ఆకు వెడల్పై ముదురు పచ్చగా ఉండి కంకి రాకపోతే అది నీడ ఎక్కువైన మొక్క. ఆకు చిన్నదై, అంచులు మాడి, పువ్వు రంగు వెలిసినట్టుంటే ఎండ ఎక్కువైన మొక్క. పడమటి గోడ పక్కన పెట్టినవి రెండో రకంగా అవుతాయి, మధ్యాహ్నమంతా కాగిన గోడ రాత్రి దాకా వేడి కక్కుతుంది. అలాంటి చోట గోడకి రెండడుగులు ఎడం ఇచ్చి 50 శాతం షేడ్ నెట్ వేయాలి. మీది తూర్పు కాబట్టి ఆ బెడద లేదు.

మామిడి కింద మాత్రం వద్దు. ఎండ తక్కువని కాదు, కొబ్బరితోటల నీడలో కూడా అంతర పంటగా కనకాంబరం పూస్తుంది. మామిడి పైవేళ్ళు మీరు పోసిన నీరూ ఎరువూ ముందు లాగేస్తాయి. పైగా మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే ఆ జిగురు కింది మొక్కల మీద కారి ఆకులకి నల్లమసి పడుతుంది. చెట్టు మొదలు నుంచి పది అడుగుల దాకా కుండీలే పెట్టుకోండి, 12 అంగుళాలవి, ఇటుకల మీద ఎత్తి. నేలమీదే ఉంచితే మామిడి వేళ్ళు అడుగు రంధ్రంలోంచి కుండీలోకి వస్తాయి.

పెరటిగట్టు

అందరికీ ధన్యవాదాలండి. వడలిన మొక్కని లేపి చూశాను. వేళ్ళ నిండా బుడిపెలు, ఆవగింజ నుంచి బఠాణీ గింజ దాకా. మొదలు గీస్తే లోపల గోధుమ చార కూడా ఉంది. ఉత్తరపు కొసన పసుపాకు మొక్క ఒకటి పక్కనుంచి తవ్వి చూస్తే వేళ్ళు తెల్లగా ఉన్నాయి, బుడిపెలు లేవు. కాగితంతో చూస్తే బోరు నీళ్ళ పీహెచ్ 8 పైన. మట్టి పరీక్షకి ఇచ్చాను.

మామిడి వైపు అంతకు ముందు వంగ, బెండ వేసేవాళ్ళం. అక్కడ మళ్ళీ కనకాంబరం పెట్టొచ్చా? ప్లాస్టిక్ కవరు పరిచి ఎండకి మట్టిని శుద్ధి చేస్తారట, ఆ నీడలో పనిచేస్తుందా? ఢిల్లీ రకం మొక్కలు రెండు ఆ కొసనే ఉన్నాయి, ఇంకా వడలలేదు. వాటిని కాపాడుకోవాలని ఉంది.

నారుమడి

వంగ, బెండ, టమాట ఈ పురుగుకి ఇష్టమైన ఇళ్ళు. మీ కొస ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

వడలిన మూడింటినీ వేళ్ళు, చుట్టూ అడుగు వెడల్పు అడుగు లోతు మట్టితో సహా తీసేయండి. మొక్కలు కంపోస్టు గుంటలో వేయొద్దు, ఎండబెట్టి కాల్చండి. ఆ గుంటలకి, వాటి పక్క మొక్కల పాదులకి లీటరు నీళ్ళకి కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు గానీ కార్బెండజిమ్ 1 గ్రాము గానీ కలిపి, మొక్కకి లీటరు చొప్పున పోయండి. ఇది వడలు తెగులు పక్కకి పాకకుండా ఆపడానికే, నులిపురుగుని ఏమీ చేయదు. చేతికి తొడుగులు వేసుకోండి, ఆ మడిలో పూలు వారం దాకా తలలో పెట్టుకోవద్దు.

నీడలో ప్లాస్టిక్ పరచడం పనిచేయదు. మట్టి 45 డిగ్రీలు దాటి వేడెక్కాలి, అది నడినెత్తిన ఎండ తగిలే చోటే సాధ్యం. పైగా ఇప్పుడు జూన్, మబ్బు పట్టాక ఎక్కడ పరిచినా దండగే. వచ్చే ఏప్రిల్‌లో చేయండి. పై అడుగు లోతు మట్టి తవ్వి డాబా మీదకో వాకిట్లోకో చేర్చి, ఆరంగుళాల మందాన పరిచి, బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ కప్పి అంచులు మట్టితో మూసేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు. నల్ల కవరు వేయకండి, వేడి కవరులోనే ఆగిపోతుంది, మట్టిలోకి దిగదు. పొడి మట్టి కూడా వద్దు, తడి ఉంటేనే వేడి లోపలికి పాకుతుంది, పురుగు గుడ్లు కూడా తడిలోనే మెత్తబడి చస్తాయి.

అప్పటిదాకా ఆ కొసని ఖాళీగా వదలకుండా ఎండ తగిలినంత మేర బంతి వేయండి. బంతి వేరు నుంచి వచ్చే పదార్థం నులిపురుగుకి విషం. ఒకటో రెండో మొక్కలు అక్కడక్కడ పెడితే లాభం లేదు, జానెడు ఎడంలో దట్టంగా వేసి, మూడు నెలలు ఉంచి, పూలు కోసుకున్నాక మొక్కల్ని ముక్కలుగా నరికి అక్కడే కలిపేయాలి. కలుపు పెరగనీయకండి, కలుపు వేళ్ళలోనూ పురుగు బతుకుతుంది.

మంచిగా ఉన్న ఉత్తరపు మడికి ఈ ఎరువు తయారు చేసుకోండి. చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మంచి శిలీంధ్రం) పొడి 100 గ్రాములు, పెసిలోమైసిస్ లిలాసినస్ (నులిపురుగు గుడ్లని పట్టే శిలీంధ్రం) దొరికితే అదీ 100 గ్రాములు. నీళ్ళు చల్లుతూ కలపాలి, పిడికిట బిగిస్తే ముద్ద కావాలి, నీరు కారకూడదు. నీడలో కుప్ప పోసి తడి గోనెసంచి కప్పి, మూడు రోజులకోసారి తిరగేస్తే ఎనిమిది పది రోజుల్లో సిద్ధం. మొక్కకి అరకిలో. మందు పోసిన పాదులో పదిహేను రోజులు ఆగి వేయండి, కార్బెండజిమ్ ఈ మంచి శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది, రాగి మందు కూడా దెబ్బతీయొచ్చు. పొట్లం మీద తయారీ తేదీ చూసి కొనండి, ఆరు నెలలు దాటినదానిలో ప్రాణం ఎంత ఉందో చెప్పలేం.

ఢిల్లీ రకం మొక్కల్ని తవ్వి వేరే చోటికి మార్చకండి, పురుగుని మోసుకెళ్ళినట్టే. కొమ్మలు తీసుకోండి. నులిపురుగు వేళ్ళలో, మట్టిలో ఉంటుంది, పై కొమ్మలోకి ఎక్కదు. నేలకి అడుగు పైన తీసిన కొమ్మతో శుభ్రమైన మొక్క వస్తుంది. కోసిన చోట లోపల గోధుమ చార ఉంటే మాత్రం ఆ కొమ్మ వదిలేయండి.

కొమ్మకత్తెర

కొమ్మల పని నాకు వదలండి. ఇప్పటి నుంచి ఆగస్టు దాకా మంచి కాలం.

కంకి లేని కొమ్మ, లేతా కాక ముదురూ కాక, వంచితే వంగి కాస్త ఎదురుతిరిగేది కావాలి. 4 నుంచి 5 అంగుళాలు, మూడు కణుపులు. కింది కోత కణుపుకి పావంగుళం కింద. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, పై జత ఆకుల్ని సగానికి కత్తిరించండి, లేకపోతే వేరు రాకముందే నీరంతా ఆకులోంచి పోతుంది. వేరు హార్మోను పొడి ఉంటే అద్దండి, లేకపోయినా వస్తుంది, కాస్త ఆలస్యం. నది ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్ళు. కొబ్బరి పొట్టుని ముందు రెండు మూడుసార్లు మంచి నీళ్ళలో కడగండి, ఉప్పు ఉంటుంది. పెరటి మట్టి చిటికెడు కూడా కలపకండి, ఇంత జాగ్రత్తా దానికోసమే.

రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, పైన పాలిథిన్ సంచి గుడారంలా కట్టి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. సంచి లోపల నీటి చుక్కలు కనిపిస్తున్నంత కాలం నీళ్ళు పోయక్కర్లేదు. మూడు నాలుగు వారాలకి వేరు పడుతుంది, కొత్త జత ఆకు విప్పుకుంటే పడినట్టే. అప్పుడు సంచిని ఒక్కసారిగా తీయకుండా వారం పాటు రోజుకింత వదులు చేయండి. ఎన్ని కావాలో దానికి సగం మళ్ళీ ఎక్కువ గుచ్చుకోండి. కొన్ని మొదలు నల్లబడి కుళ్ళడం మామూలే, ఇసుక మరీ తడిగా ఉంటే అలా అవుతుంది.

ఢిల్లీ రకానికి మూడు వరసల క్రోమోజోములు, అందుకే గొడ్డు. కొమ్మ తప్ప దారి లేదు. కొత్తగా కొనేట్టయితే బెంగళూరు హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అంబర, అర్క కనక, అర్క శ్రీయ లాంటివి అడిగి చూడండి. ఏ రకమైనా కొనే ముందు నర్సరీలో ఒక సంచి విప్పించి వేరు చూడండి. చూపించనంటే వేరే చోట కొనుక్కోండి.

నాటేటప్పుడు మడిని 9 అంగుళాలు ఎత్తు చేయండి. పెళ్ళలు ఏరిన మట్టి రెండు పాళ్ళు, ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన ఎరువు ఒక పాలు. ఉత్త ఇసుక తెచ్చి నల్లమట్టిలో కలిపితే నీరు దిగదు, ఇంకా గట్టిపడుతుంది. మొక్కకీ మొక్కకీ అడుగున్నర. మొదలు సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే, మట్టి పైకి ఎగదోసి తొక్కితే మొదలు కుళ్ళుతుంది. ఎండుటాకుల పొర రెండంగుళాలు, మొదలుకి మాత్రం తగలకూడదు.

డాలస్‌పెరడు

అమెరికాలో చదివేవాళ్ళ కోసం ఒక మాట. డాలస్ చుట్టుపక్కల నల్లబంక నేల కూడా సున్నం నేలే, బోరునీళ్ళు గారు చెప్పినదంతా అక్కడా వర్తిస్తుంది. అందుకని నేలలో కాక కుండీలోనే పెంచండి. రాత్రి వేడి 55 ఫారెన్‌హీట్ కిందికి దిగడం మొదలైతే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, పై అంగుళం మట్టి ఎండాకే నీళ్ళు పోయండి. మంచు తగిలితే పోతుంది. లోపల హీటర్ గాలికి ఎర్రనల్లి పడుతుంది, ఆకు కింద సన్నటి సాలెగూడు, పైన తెల్లటి చుక్కలు చూసుకోండి. అక్కడి నర్సరీల్లో ఆరెంజ్ మార్మలేడ్ అనే రకం దొరుకుతుంది, గుబురుగా పెరుగుతుంది. చలి తగ్గాక బయటపెట్టేటప్పుడు మొదటి వారం పూర్తి నీడలోనే ఉంచండి.

బోరునీళ్ళు

పిండినల్లి గురించి ఎవరూ అనలేదు. నీడ మడిలో అదే ముందు వస్తుంది, కంకి రేకుల సందుల్లో తెల్లటి దూదిలా కూర్చుంటుంది. చీమలు మొక్క ఎక్కుతుంటే వెతకండి. పట్టిన కంకులు కోసి సబ్బునీళ్ళలో ముంచేయండి, మిగతా వాటికి లీటరుకి వేపనూనె 5 మిల్లీలీటర్లు, కలవడానికి మెత్తటి సబ్బు ద్రావణం 1 మిల్లీలీటరు. అన్నభేది కొట్టిన రోజున ఇది కొట్టొద్దు, మూడు నాలుగు రోజులు ఎడం ఇవ్వండి.

పెరటిగట్టు

ఒక చివరి సందేహం. ఉత్తరపు కొసన నారు మొక్కల్లో ఒకటి మిగతావాటి కన్నా ముదురు రంగు, కంకి పొడుగు. దాని గింజ తీసి నారు పోస్తే అదే వస్తుందా? కాయలు చూస్తుండగానే వానకి చిటపటా పేలి ఎటో పోయాయి.

కొమ్మకత్తెర

అచ్చం అదే రాదు, గింజ నారులో తేడాలు వస్తాయి. అదే కావాలంటే దానికీ కొమ్మలే. గింజలూ కావాలంటే, పూలు అయిపోయిన కంకులు రెండు కోయకుండా ఉంచండి. కింది కాయలు గోధుమరంగుకి తిరగగానే, పొడిగా ఉన్న రోజు చూసి కంకి కోసి, కాగితం సంచిలో వేసి మూతి కట్టండి. తడి తగిలితేనే కాయ పేలి గింజని విసురుతుంది, అందుకే వాన ముందు కోయాలి. సంచిలో పూర్తిగా ఎండాక కూడా పేలని కాయల్ని గిన్నెలో వేసి నాలుగు చుక్కల నీళ్ళు చల్లి వెంటనే మూత పెట్టండి, పేలుడంతా గిన్నెలోనే అవుతుంది. కాయకి నాలుగు దాకా గింజలు. తడి తగిలిన గింజ జిగురెక్కి వేళ్ళకి అంటుకుంటుంది, దాన్ని ఆరబెట్టి దాచకుండా ఆ రోజే చల్లేయండి.

గింజ ఎక్కువ కాలం నిలవదు, ఈ వానాకాలంలోనే పోయండి. ట్రేలో అర సెంటీమీటరు లోతు, పైన పలచగా ఇసుక. రెండు మూడు వారాల్లో మొలుస్తుంది, అన్నీ ఒకేసారి రావు, ట్రేని తొందరపడి తిరగేయకండి. రెండు నెలల నారు నాటుకి వస్తుంది. మొదటి కంకి చూశాకే ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చుకోండి.

నారుమడి

ఆ నారు ట్రేలు నేలమీద పెట్టకండి, బల్ల మీదో ఇటుకల మీదో పెట్టండి. మామిడి వైపు మట్టి వాన చినుకులకి చిమ్మి ట్రేలో పడితే మళ్ళీ బుడిపెలే. భూసార పరీక్ష కాగితం రాగానే పీహెచ్, సున్నం శాతం ఇక్కడ పెట్టండి, ఈడీడీహెచ్ఏ ఇనుము కొనాలా అన్నభేదితో సరిపోతుందా చూద్దాం.